వినిన దేవదాసు

దేవదాసు పేరెరుగని తెలుగిల్లు లేదు. ఆ పేరు ఒక మనిషి పేరుగా మన భాషలో ప్రవేశించి, క్రమముగా ఒక అవస్థకు పేరైనది. గడ్డము మాపుకొని, పనిపాటలు మాని, అరుగుమీద దిగులుగా కూర్చుండు యువకుని జూచి "వీడు దేవదాసైనాడు" అని జనులందురు. ఆ మాటలో మందలింపు పాలు స్వల్పము, లాలన పాలు అధికము. వంగదేశమున పుట్టిన యొక నవలానాయకుడు మన వాడుకలో ఇట్లు పాదుకొనుట చిన్న విషయము కాదు. అయితే ఈ పేరును మనకిచ్చినది గ్రంథమా, వెండితెరయా యని విచారించినచో, వెండితెరయే యని చెప్పవలసియుండును. సినిమా చూచిన పదుగురిలో నవలను ఆసాంతము చదివినవారు ఒక్కరైన దొరుకుట అరుదు. ఇటీవల ఆ నవలను మేము ఇంటిల్లిపాదియు గూర్చుండి వింటిమి. వినుటవలన మాకు కలిగిన ఆలోచనలను చదువరుల ముందుంచుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా తెరకు చెల్లవలసిన గౌరవమును చెల్లింతము. 1953లో వినోదా సంస్థవారు వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున నిర్మించిన దేవదాసు చిత్రమును మేమెన్నిమారులు చూచితిమో లెక్క లేదు. అక్కినేని నాగేశ్వరరావుగారి వాలిన కనురెప్పలు, సావిత్రిగారి నిండైన ముఖము, చంద్రముఖిగా లలితగారి సంయమము, సముద్రాల రాఘవాచార్యులవారి పాటలు, వానికి ఘంటసాలవారి గొంతు — ఇవన్నియు మా ఇంటి జ్ఞాపకములలో కలిసిపోయినవి. ఆ పాటలకు బాణీలు కూర్చిన సి. ఆర్. సుబ్బురామన్ గారు చిత్రము విడుదలగుట చూడకయే 1952లో కాలధర్మము నొందిరి. అంతకు ముందే, 1935లో, ప్రమథేశ్ బారువా వంగభాషలో ఈ కథను మాటలాడించియుండెను. సైగల్ నటించిన హిందీ చిత్రమునకు ఛాయాగ్రాహకుడైన బిమల్ రాయ్, తానే దర్శకుడై 1955లో దిలీప్ కుమార్‌తో మరల తీసెను. మన తెలుగున 1974లో విజయనిర్మలగారి దర్శకత్వమున కృష్ణగారు దేవదాసైరి. 2002లో వచ్చిన హిందీ చిత్రము రత్నఖచితమైన అద్దాల మేడలతో కన్నులు మిరుమిట్లు గొలిపెను. వీనినన్నిటిని మేము ప్రీతితో చూచితిమి. నేటికిని ఆ ప్రీతి తగ్గలేదు.

ఇక గ్రంథము సంగతి. 1876లో జన్మించిన శరచ్చంద్ర చట్టోపాధ్యాయుడు ఈ నవలను 1901 ప్రాంతమున, ఇరువదియైదేండ్లు నిండియు నిండని వయసున వ్రాసెను. అచ్చువేయుటకు చాలకాలము సంకోచించెను. తుదకు 1917లో అది గ్రంథరూపమున వెలువడెను. శరత్తు కథలను తెలుగువారికి ఆత్మీయములుగా జేసినవారిలో చక్రపాణిగారు అగ్రగణ్యులు. తెనాలి ప్రాంతమువారైన ఆయన క్షయవ్యాధికి చికిత్స పొందుచు మదనపల్లె ఆరోగ్యవరమున నున్న దినములలో వంగభాష నేర్చిరి. వారును, బొందలపాటి శివరామకృష్ణగారును చేసిన అనువాదముల ఫలముగా శరత్తు తెలుగువాడే యని నమ్మిన పాఠకులు ఒక తరమువారుండిరి.

మేము ఈ నవలను వినుటకు మా యూరి వృత్తియే కారణము. పోచంపల్లిలో మగ్గమున్న ఇంట కన్నులును చేతులును తీరికగా నుండవు. చిటికి పనిలో పేక నూలును ముందుగా ఆసు పోయవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు మేకుల చుట్టు తిరుగవలెను. తల్లి భుజముల నొప్పి చూడలేక చింతకింది మల్లేశముగారు 1999లో ఆసు యంత్రమును కనిపెట్టినది ఈ ప్రాంతముననే. యంత్రము వచ్చినను, గీతల ప్రకారము నూలుకు రబ్బరు పట్టీలు బిగించి కట్టుట, రంగులో ముంచుట, విప్పుట, మరల కట్టుట మనిషి చేతులు చేయవలసినదే. కన్ను గీత దాటిన చీర చెడును. కనుక ఇట్టి ఇంట పుస్తకము పట్టుకొని కూర్చుండుట పొసగదు. ఖాళీగా నుండు ఇంద్రియము చెవి యొక్కటియే. ఒకప్పుడు ఆ చెవిని రేడియో ఆక్రమించెను. ఆకాశవాణివారు సినిమాల సంభాషణలను, పాటలను కుదించి "సంక్షిప్త శబ్దచిత్రము" అను పేర ప్రసారము చేయుచుండగా మగ్గములు దానితో తాళము వేసినవి. ఇప్పుడు ఫోనున గ్రంథములను చదివి వినిపించు గొంతులు వచ్చినవి. ఇది క్రొత్త యలవాటనుటకు వీలులేదు. ఒకరు చదువ పదుగురు వినుట మన పురాణ కాలక్షేపముల నాటిదే. అక్షరములు రాని మా పెద్దలు భారత రామాయణములను చెవితోనే సంపాదించిరి.

ఇట్లు కొన్ని సాయంకాలములు, దినమునకొక గంట చొప్పున, మా తల్లి, మా పినతండ్రి కుమారుని భార్య, మేము నూలు కట్టుచు దేవదాసును వింటిమి. చదివిన గొంతు ఒక స్త్రీది. ఆమె ఏడువలేదు, ఏడిపింపబూనలేదు. ఉన్నదున్నట్లు నెమ్మదిగా చదువుకొనిపోయెను.

మమ్ము మొట్టమొదట నిలిపివేసినది పార్వతి వయసు. అర్ధరాత్రివేళ ఒంటిగా దేవదాసు గదికి వచ్చి తన్ను వివాహమాడుమని యడిగిన ఆ పార్వతికి నవలలో పదుమూడవయేడు. ఈ మాట వినబడగనే మా తల్లి చేతిలోని దారము నాపి, "పదమూడేండ్ల పిల్లనా? సినిమాల సావిత్రి గంత చిన్నపిల్ల లెక్క లేకుండె గద!" అనెను. నిజమే. తెరమీద నిండు యౌవనమున నున్న నాయిక అర్ధరాత్రి నాయకుని గదికి వచ్చినచో అది ప్రణయసాహసముగా తోచును. పదుమూడేండ్ల పిల్ల, రేపో మాపో తన్నెవరి కిచ్చివేయుదురో యను భయముతో, తానెరిగిన ఒక్క ఆశ్రయమును వెదకుకొని చీకటిలో వచ్చినదని తెలిసినపుడు, విను మనసున పుట్టునది వేరు భావము. ఈ నవల అచ్చైన పండ్రెండేండ్లకు, 1929లో, శారదా చట్టము బ్రిటిషిండియాలో బాలికకు పదునాలుగేండ్లు నిండనిదే వివాహము కూడదని విధించెను. అనగా శరత్తు వ్రాసిన పార్వతి ఆ చట్టమునకు పూర్వపు పిల్ల. తెర ఆమె వయసును పెంచినది. అట్లు పెంచుట ప్రేక్షకుని మర్యాద కొరకే కావచ్చును గాని, దానితోబాటు ఆనాటి దురాచారము కంటికి కనబడకుండ పోయినది.

రెండవది పెండ్లి తప్పిపోవుటకు కారణము. తెలుగు చిత్రమును చూచినవారి జ్ఞాపకమున నిలుచునది కలిమిలేముల భేదము: జమీందారు బీదవాని కుమార్తెను కోడలిగా నొల్లడాయెను. నవల వినగా సంగతి మరింత సూక్ష్మముగా నున్నది. పార్వతి పుట్టిన వంశమున ఆడపిల్లలకు సొమ్ము పుచ్చుకొని పెండ్లిచేయు ఆచారము కలదు. పిల్లలను అమ్ముకొనువారి ఇంటితో వియ్యమా యని దేవదాసు తలిదండ్రులు చులకన చేసిరి. పైగా పొరుగింటి సంబంధము! ఇక్కడ తెలుగు చదువరికి గురజాడ అప్పారావుగారు స్ఫురింపక మానరు. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చుపడిన కన్యాశుల్కము ఈ దురాచారము మీదనే యెత్తిన కత్తి. కాని శరత్తు చూపినది దాని మరియొక ముఖము. కన్యాశుల్కమును నిందించినవారు సంస్కర్తలు కారు, అభిజాత్యము గలవారు. వారి నింద ఆచారమును మాన్పలేదు. ఆ ఆచారమున నలిగిన పిల్లనే గుమ్మము బయట నిలిపినది. తప్పు వంశాచారముది, శిక్ష పదుమూడేండ్ల పిల్లది. తుదకు ఆమెను పుచ్చుకొనినవాడు పెరిగిన బిడ్డలు గల విధురుడు. సంస్కారపు మాట అహంకారపు నోట బడినచో అదియు నొక ఆయుధమగునని ఈ ఘట్టము మాకు బోధించినది. నేటికిని "వారింట కట్నము పుచ్చుకొందురట", "వారింట మారువివాహమాడిరట" అని సంబంధములను తూచునప్పుడు, ఆ మాట దురాచారముపై కోపమా, లేక ఆ ఇంటి పిల్లపై చిన్నచూపా యని నిలిచి చూచుకొనవలసియున్నది.

మూడవది దేవదాసు చేసిన పనులు. ఇవి తెరమీదను గలవు. అతడు తండ్రి మాటకు జంకుట, పట్టణమునకు పోయి పార్వతికి నిరాశాజనకమైన జాబు వ్రాయుట, వెంటనే పశ్చాత్తాపపడి తిరిగివచ్చుట, ఆమె ఆత్మగౌరవముతో నిరాకరింపగా కొట్టుట. ఈ కొట్టుట తెరమీద పాపట సిందూరము వంటి ఒక ప్రేమచిహ్నమైనది. 2002 నాటి చిత్రములో అది నగతో కొట్టిన దెబ్బ. నవలలో చెరువుగట్టున చేపల గాలపు కఱ్ఱతో నుదుట కొట్టిన దెబ్బ. అది వినుటకు చాల మోటుగా నున్నది, మోటుగానే యుండవలెను. అంతకు పూర్వమే, బాల్యమున, దేవదాసు పార్వతిని కొట్టగా ఆ పిల్ల ఇంటికిపోయి పంతులు కొట్టెనని చెప్పి అతనిని కాపాడియుండెను. వరుసగా వినువారికి ఈ రెండు దెబ్బల నడుమనున్న సంబంధము దాగదు. చిన్ననాడు దాచిన దెబ్బ పెద్దనాడు మచ్చయైనది.

ఇవే పనులు తెరపై మనకేల క్షమార్హములుగా తోచును? మాకు తోచిన సమాధానమిది. చలనచిత్రము ముఖమును చూపక తప్పదు. చేసినవాని ముఖమును దగ్గరగా చూపి, వెనుక విషాదరాగము పలికించినంతనే మన మనసు అతని పక్షము వహించును. కన్నీరు నిండిన కన్నును జూచిన పిమ్మట ఆ చేయి యేమి చేసినదని యడుగుట కష్టము. గొప్ప నటుడైనకొలది ఈ కష్టమెక్కువ. చదువు గొంతునకు ముఖము లేదు. అక్కడ మనకు చేరునది చేసిన పని, దాని తరువాతి పని, దాని ఫలము. నడుమ నడుమ రచయిత తానే కలుగజేసుకొని దేవదాసు స్వభావమును తూచుచుండును: ఆలోచింపక పనిచేయుట, చేసిన పిదప వగచుట, వగచియు దిద్దుకొనకుండుట. ఈ తూకపు మాటలను తెరమీద నుంచుటకు చోటులేదు. అవి వినబడినది చెవికే.

ఇంకొక సంగతి. తెరమీద కథ దేవదాసు వెంట నడచును. నవలలో ఇద్దరు స్త్రీలును అతడు లేనిచోటనే యెదిగిరి. పార్వతి అత్తవారింట తనకంటె పెద్దవారైన సవతిబిడ్డలకు తల్లియై, అలిగియున్న సవతి కుమార్తెకు తన నగలన్నియు తానే తొడిగి ఆమె మనసు గెలుచుకొనెను. చంద్రముఖి తన వృత్తిని విడిచి, ఏటియొడ్డు పల్లెలో మట్టియిల్లు కట్టుకొని బీదసాదలకు తోడ్పడుచు బ్రదికెను. దేవదాసు జాడ తెలియుటకై కాలినడకను అతని యూరికిపోయెను. 2002 నాటి చిత్రమున ఈ యిద్దరును కలిసికొని నాట్యమాడుదురు. నవలలో వారెన్నడును కలిసికొనలేదు. ఒకరి నొకరు చూడకయే ఇద్దరును తమ జీవితములను నిలువబెట్టుకొనిరి, నిలువబెట్టుకొనలేకపోయినవాడు అతడొక్కడే. ఈ పోలికను రచయిత నోరువిప్పి చెప్పలేదు. అయినను వినుచుండగా అది తనంతట తానే తేటపడును.

చివరి ఘట్టమును గూర్చి చెప్పక తీరదు. సీసా చేతబట్టి, కుక్కను ప్రక్కన గూర్చుండబెట్టుకొన్న దేవదాసు బొమ్మ తెలుగువారికి సుపరిచితము. నవలలో అతడు పాండువా స్టేషనున రైలు దిగి, ఎద్దుబండిమీద పార్వతి యూరుచేరి, ఆమె ఇంటి ముందరి చెట్టుక్రింద ప్రాణము విడిచెను. ఊరివారెవ్వరును శవమును తాకలేదు. తుదకు అస్పృశ్యులనబడువారు వచ్చి తీసికొనిపోయి ఎండిన చెరువుగట్టున సగముకాల్చి విడిచిరి. అక్కడికి కుక్కలును నక్కలును చేరినవి. తెరమీది కుక్క స్నేహితుడు. నవలలోని కుక్కల సంగతి వినినపుడు మా ఇంట కొంతసేపు ఎవరును మాటలాడలేదు. పుట్టుక పేరిట పార్వతిని కాదనిన సంఘమే, దేవదాసు శవమును కాదన్నది.  మూయబడుచున్న తలుపుల నడుమ పార్వతి పరుగు తెరమీద గొప్ప దృశ్యమే. కాని ఈ వ్యంగ్యము తలుపుకు ఆవలనే నిలిచిపోయినది.

నవల ముగియునప్పుడు, పార్వతి యేమైనదో తనకు తెలియదని రచయిత చెప్పి, దేవదాసు వంటి అభాగ్యుని కొరకు పాఠకుని ఒక ప్రార్థన యడుగును. అది విని మా పినతండ్రి కోడలు, "ఆయన సచ్చిండని అందరు ఏడ్సిన్రు గని పెద్దత్తమ్మా, ఆమె బతికినందుకు ఎవ్వరన్న ఏడ్సిన్రా?" అనెను. ఆమె భర్త పనిమంతుడే. కొన్నేండ్లుగా తాగుడుకు లోబడి మగ్గమెక్కుట మానెను. అతనికి చిన్ననాట తప్పిన సంబంధమొకటి కలదు. అందుచేత వీథిలో అతనిని దేవదాసని జాలితో పిలుతురు. ఆ పిలుపు విననప్పుడెల్ల ఈమె తలవంచుకొని నూలు కట్టుకొనుచుండును. ఇద్దరు పిల్లల చదువు, ఇంటి అప్పు, అతని వైద్యము ఆమె వ్రేళ్ళమీద నడచుచున్నవి. ఆమెకు వీథిలో ఏ కథాపాత్ర పేరును లేదు. మా తల్లి ఏమియు బదులు చెప్పలేదు. దారపు కొస ఆమె చేతికందించెను. మరునాటినుండి మా ఇంట ఎవ్వరును అతనిని ఆ పేరుతో పిలువలేదు. ఒకదినము గుమ్మములో నిలిచి ఎవరో ఆ పేరెత్తగా మా తల్లి, "వాని పేరు వానికున్నది, గదే పిలువుండ్రి" అని చెప్పెను.

దీనివలన సినిమా తక్కువది, నవల యెక్కువది యని మేము తీర్పు చెప్పబోము. ఆ చిత్రములు లేకున్నచో ఈ నవలను వినవలెనను కోరికయే మా ఇంట పుట్టియుండదు. వినుటకును కొన్ని లోపములు గలవు. పుస్తకమైనచో పుట వెనుకకు త్రిప్పి చూచుకొందుము. గొంతు ముందునకే సాగిపోవును, మగ్గపు చప్పుడులో ఒక వాక్యము పోయిన పోయినట్లే. చదువువారి స్వరము వికారముగా నున్న కథయు వికారమగును. మరియు శరత్తు దేవదాసును ద్వేషించి వ్రాయలేదు. అతనికొరకు కన్నీరే కోరెను. ఆ కన్నీరు కోరుటకు ముందు అతని దోషములలో నొక్కటియు దాచలేదు, అంతే భేదము. జాలి వేరు, నిర్దోషిత్వము వేరు. ఆ రెంటిని కలుపక రెంటిని నిలుపుటయే ఆ యువరచయిత సాధించిన పని.

మా చేనేతలో ఒక ధర్మము కలదు. చీరమీద కనబడు పువ్వు మగ్గముమీద పుట్టినది కాదు. నూలు నూలుగా నున్నప్పుడే ఎక్కడ కట్టవలెనో, ఎక్కడ రంగు తాకవలెనో నిశ్చయమైపోయినది. నేసిన పిమ్మట చీరకు ముందు వెనుకలు ఒక్కటిగానే కనబడును, ముడులు మాత్రము కనబడవు. పార్వతి కథయు నట్టిదే. తెరమీద మనము చూచి మురిసినది పువ్వు. ముడులు వేసినది సొమ్ము పుచ్చుకొను ఆచారము, కులపు టెక్కు, పదుమూడేండ్ల పెండ్లి, మగవాని నిలుకడలేమి. ఆ ముడులు చూడగోరువారు నవలను చదువవలెను. చదువ తీరికలేనివారు వినవలెను. విన్నవారు తమ వీథిలో "దేవదాసు" అను బిరుదును పంచుటకు ముందు, ఆ ఇంట దీపము వెలిగించుచున్నదెవరో ఒకమారు లోపలికి తొంగిచూడవలెనని మా ప్రార్థన.